మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు: మొదటి కాగితం నుంచి పరిహారం దాకా నా అనుభవం

మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు రాసిపెట్టమని వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి రాసి, తోసిపుచ్చిన కాగితం చేత్తో పట్టుకుని వస్తారు. ఫైలు విప్పి చూస్తే జరిగిన అన్యాయం నిజమే. అది కాగితం మీదికి రాలేదు, అంతే. నాలుగు పేజీల బాధ ఉంటుంది, తేదీ ఉండదు. 'పోలీసులు' అని ఉంటుంది, ఏ స్టేషనో ఉండదు. ఇన్నేళ్లుగా ఈ ఫైళ్లు చూస్తున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఈ ప్రక్రియలో కేసు నిలబడేదీ పడిపోయేదీ రెండు చోట్ల. ఒకటి, ఘటన జరిగిన మొదటి వారంలో సాక్ష్యం పోగుచేసుకునే చోట. రెండోది, అధికారుల రిపోర్టు వచ్చాక దానికి మనం జవాబు రాసే చోట. మధ్యలోవన్నీ తపాలా పనులే. అయినా జనం తమ శక్తంతా ఆ మధ్య పనుల మీదే పెడతారు.

ముందుగా, కమిషన్ దేన్ని మానవ హక్కు అంటుందో తెలుసుకోవాలి. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993 ప్రకారం జీవించే హక్కు, స్వేచ్ఛ, సమానత్వం, వ్యక్తి గౌరవం: ఈ నాలుగింటికి సంబంధించి రాజ్యాంగం హామీ ఇచ్చినవీ, అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలు చేయగలిగినవీ మానవ హక్కులు. ఆ ఒడంబడికల్లో ముఖ్యమైనవి రెండు: పౌర, రాజకీయ హక్కులది ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది ఇంకొకటి. భారతదేశం 1979లో రెండింటిలోనూ చేరింది. 'ఇక్కడ న్యాయం జరగకపోతే జెనీవాకి రాస్తాం' అని కొందరంటారు. పౌర హక్కుల ఒడంబడిక కింద వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మన దేశం చేరలేదు. కాబట్టి జెనీవాలో అలాంటి ఫిర్యాదులు చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ తలుపు మనకు తెరుచుకోదు. చేయాల్సిన పని ఇక్కడే ఉంది.

రెండో ప్రశ్న: ఎవరి మీద? కమిషన్ విచారించేది ప్రభుత్వోద్యోగి చేసిన ఉల్లంఘననీ, ఉల్లంఘనకి తోడ్పడటాన్నీ, దాన్ని ఆపాల్సి ఉండీ ఆపకపోవడాన్నీ. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఇటుక బట్టీ యజమాని కూలీలను అడ్వాన్సు పేరుతో కదలనివ్వడం లేదనుకోండి. యజమాని ప్రభుత్వోద్యోగి కాడు. అతని పేరే రాసి పంపితే ఫిర్యాదు మొదటి మెట్టు మీదే ఆగిపోయే ప్రమాదం ఉంది. కాని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద విచారించి విడిపించాల్సిన బాధ్యత జిల్లా యంత్రాంగానిది. కలెక్టరుకి ఫలానా తేదీన అర్జీ ఇచ్చాం, రసీదు ఇదిగో, ఇన్ని రోజులైనా ఎవరూ బట్టీ వైపు రాలేదు అని రాస్తే అదే నిర్లక్ష్యం కింద నిలబడుతుంది. ప్రైవేటు వ్యక్తి దౌర్జన్యం ఏదైనా ఇంతే. ముందు బాధ్యత ఉన్న అధికారికి రాతపూర్వకంగా చెప్పాలి, రసీదు తీసుకోవాలి, ఆ తర్వాతే కమిషన్.

ఆస్తి తగాదాలు, ఉద్యోగ సర్వీసు వ్యవహారాలు, కార్మిక వివాదాలు, కోర్టులో నడుస్తున్న విషయాలు, పేరు లేని ఉత్తరాలు, అస్పష్టమైన ఆరోపణలు: వీటిని కమిషన్ మామూలుగా తీసుకోదు. కోర్టు విషయంలో ఒక మెలిక ఉంది. మీ అబ్బాయి మీద పెట్టిన దొంగతనం కేసు కోర్టులో ఉండొచ్చు. స్టేషన్లో అతన్ని కొట్టడం మాత్రం ఆ కోర్టు ముందు లేని విషయం. ఫిర్యాదులో ఈ రెండింటినీ కలిపేస్తే 'కోర్టు పరిధిలో ఉంది' అని పక్కన పెట్టేస్తారు. దొంగతనం కేసు తప్పుడుదని వాదించకండి. ఆ సంగతి కోర్టు చూసుకుంటుంది. కొట్టడం గురించే రాయండి.

గడువు ఒక సంవత్సరం. ఘటన జరిగిన రోజు నుంచి లెక్క. ఇది చట్టంలోనే, 36వ సెక్షన్లో ఉంది కాబట్టి బతిమాలితే సడలేది కాదు. స్టేషన్ చుట్టూ, నాయకుల చుట్టూ, పెద్దమనుషుల చుట్టూ తిరిగి పదమూడో నెలలో వచ్చేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. అదే సెక్షన్లో ఇంకో ఆంక్ష కూడా ఉంది: రాష్ట్ర కమిషన్ ముందో, చట్టప్రకారం ఏర్పడిన మరో కమిషన్ ముందో ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. ఎస్సీ కమిషన్‌కి, మహిళా కమిషన్‌కి, రాష్ట్ర కమిషన్‌కి, జాతీయ కమిషన్‌కి ఒకే కాగితం పంపితే బలం పెరుగుతుందని అనుకుంటారు. జరిగేది తలకిందులు. ఒకచోట నంబరు పడగానే మిగతావి మూతపడతాయి, ఆ నంబరు పడ్డది మనకి అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే చోటే కావచ్చు. కలెక్టరుకి రాసిన అర్జీకి కింద 'కాపీ టు' అని కమిషన్ పేరు చేర్చి పంపడం కూడా అలాంటి పొరపాటే. కమిషన్‌ని ఉద్దేశించి విడిగా రాయాలి.

జాతీయమా, రాష్ట్రమా? రాష్ట్ర కమిషన్ దగ్గర కాబట్టి విచారణలకి వెళ్లిరావడం తేలిక. అయితే రాష్ట్ర కమిషన్లలో చైర్మన్, సభ్యుల పదవులు ఖాళీగా పడి ఉన్న కాలాలు చాలానే ఉన్నాయి. పంపే ముందు బెంచి కూర్చుంటోందో లేదో కనుక్కోండి. రైల్వే లాంటి పూర్తిగా కేంద్రం పరిధిలోని శాఖల విషయమైతే జాతీయ కమిషన్‌కే. సైన్యం, కేంద్ర సాయుధ బలగాల మీద ఆరోపణలైతే 19వ సెక్షన్ వేరే దారి చెబుతుంది. అక్కడ కమిషన్ సొంతంగా దర్యాప్తు చేయలేదు. కేంద్రాన్ని రిపోర్టు అడిగి, దాన్ని బట్టి సిఫార్సు చేస్తుంది.

ఇక సాక్ష్యం. కస్టడీలో కొట్టిన కేసునే తీసుకుంటాను, ఎందుకంటే ఆధారాలు అన్నిటికన్నా త్వరగా చెరిగిపోయేది అందులోనే.

ఒంటిమీది దెబ్బ మొదటి సాక్షి. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆపైన ఆకుపచ్చ, పసుపు రంగులకి తిరిగి సుమారు రెండు వారాల్లో మాయమవుతుంది. లాఠీ దెబ్బకి ఒక గుర్తు ఉంది: పక్కపక్కనే రెండు సమాంతర గీతలు, మధ్యలో పాలిపోయిన చర్మం. రైలు పట్టాల్లా కనిపిస్తుంది. కిందపడితే ఇలాంటి గుర్తు రాదు. పడినవాడికి మోకాళ్లు, అరిచేతులు, మోచేతులు, గడ్డం చెక్కుకుపోతాయి. అరికాళ్ల మీద కొడితే పైకి పెద్దగా కనబడకపోవచ్చు. నడవలేకపోవడం, వాపు, నొక్కితే నొప్పి ఉంటాయి, వాటిని డాక్టరు రాయాలి. అందుకే ప్రభుత్వాసుపత్రికి వెళ్లినప్పుడు 'ఒళ్లు నొప్పులు' అని చెప్పి మాత్రలు తెచ్చుకోకూడదు. 'ఫలానా స్టేషన్లో ఫలానా తేదీన కొట్టారు' అని డాక్టరుకి స్పష్టంగా చెప్పి మెడికో లీగల్ కేసుగా (చట్టపరమైన విచారణకి పనికొచ్చే గాయంగా) రిజిస్టరు చేయించాలి. గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ రంగు, దేనితో అయి ఉండొచ్చు, ఎంతకాలం క్రితంది: గాయాల సర్టిఫికెట్లో ఇవి ఉంటేనే విలువ. 'అనేక గాయాలు' అని ఒక్క మాట రాసిన సర్టిఫికెట్‌తో ఎవరూ ఏమీ తేల్చలేరు.

ఫొటోలు మూడు రకాలుగా తీయాలి. మొదటిది మనిషి ముఖం, గాయం రెండూ కనిపించేలా దూరం నుంచి. రెండోది ఆ శరీర భాగం మొత్తం వచ్చేలా. మూడోది దగ్గర నుంచి, గాయం పక్కన స్కేలు పెట్టి. మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ తీయాలి, రంగు మారడమే తేదీకి సాక్ష్యం. వాట్సాప్‌లో పంపిన ఫొటో పరిమాణం తగ్గిపోతుంది, తీసిన సమయం వంటి వివరాలు ఊడిపోతాయి. అసలు ఫైలు తీసిన ఫోన్లోనే చెరపకుండా ఉంచండి. రేపు కోర్టుకి వెళ్లాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌కి ఆ ఫైలే ఆధారం.

మనిషి ఇంకా కస్టడీలోనే ఉంటే దారి వేరు. అరెస్టయిన వ్యక్తికి వైద్య పరీక్ష చేయించడం, ఆ రిపోర్టు కాపీ అతనికో అతను చెప్పినవాళ్లకో ఇవ్వడం భారతీయ నాగరిక సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే చట్టం) 53వ సెక్షన్ చెప్పే విధి. కస్టడీలో ప్రతి 48 గంటలకీ వైద్య పరీక్ష జరగాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతోంది, ప్రయాణ సమయం మాత్రం అందులో లెక్కకి రాదు. మేజిస్ట్రేటు 'పోలీసులేమైనా ఇబ్బంది పెట్టారా' అని అడిగినప్పుడు చాలామంది 'లేదు సార్' అంటారు. తెచ్చిన పోలీసులే పక్కన నిలబడి ఉంటారు, మళ్లీ వాళ్ల జీపే ఎక్కాలి. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కాని ఆ ఒక్క 'లేదు' ఏడాది తర్వాత కూడా అధికారుల రిపోర్టులో మొదటి వాక్యంగా తిరిగొస్తుంది. అందుకని ముందే లాయరు ద్వారా గాని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత లాయరు ద్వారా గాని (ఫోన్ 15100) గాయాలు నమోదు చేయాలని రాతపూర్వకంగా అడిగించాలి. అక్కడా కుదరకపోతే ఇంకో అవకాశం ఉంది. జైల్లోకి తీసుకునేటప్పుడు డాక్టరు చూసి రిజిస్టరులో రాస్తాడు, తమ కస్టడీలో దెబ్బలు తగిలాయన్న నింద రాకుండా జైలువాళ్లు కూడా ఆ రాతలో జాగ్రత్తగా ఉంటారు. నేను చూసిన ఫైళ్లలో మిగతా సాక్ష్యాలన్నీ పోయాక కేసుని నిలబెట్టిన కాగితం చాలాసార్లు అదే.

సీసీ కెమెరా సంగతి. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో లాకప్, వరండా, లోపలికీ బయటికీ వెళ్లే దారులతో సహా కెమెరాలు ఉండాలంది. రికార్డింగు 18 నెలలు నిలవ ఉండాలని, అలాంటి పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాదైనా ఉండాలని చెప్పింది. అయినా ఆలస్యం చేయకండి. ఘటన తెలిసిన రోజే ఎస్పీకి ఒక ఉత్తరం పంపండి: 'ఫలానా స్టేషన్ కెమెరాల్లో ఫలానా తేదీ ఇన్ని గంటల నుంచి ఫలానా తేదీ ఇన్ని గంటల దాకా ఉన్న దృశ్యాలను చెరపకుండా భద్రపరచండి.' మెయిలు ఒకటి, రిజిస్టర్డ్ పోస్టు ఒకటి. కమిషన్‌కి రాసేటప్పుడు ఆ దృశ్యాలను తెప్పించమని విడిగా ఒక కోరిక రాయండి. ఆ అధికారం కమిషన్‌కి ఉందని ఆ తీర్పులోనే ఉంది.

అరెస్టు చూపించకుండా తీసుకెళ్లినప్పుడు తీసుకెళ్లిన సమయాన్ని రుజువు చేయడమే అసలు పని. ఆ రాత్రే 112కి ఫోన్ చేస్తే ఆ కాల్ నమోదవుతుంది. ఎస్పీకి, మేజిస్ట్రేటుకి ఆ రాత్రే మెయిలు పంపితే దాని మీద గంట, నిమిషం ఉంటాయి. ఎదురింటివాళ్ల కెమెరాలో జీపు కనబడొచ్చు. ఇవేవీ లేకుండా 'రెండు రోజులు అక్రమంగా ఉంచారు' అంటే మన మాటకి వాళ్ల మాట అన్నట్టే మిగులుతుంది. మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే కమిషన్ కోసం ఆగొద్దు. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేయాలి.

ఇప్పుడు రాయడం. ఇలాంటి ఫిర్యాదులు లెక్కలేనన్ని వస్తాయి:

'మా అబ్బాయిని పోలీసులు అన్యాయంగా పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టినారు. వారికి పెద్దల అండ ఉన్నది. పేదవాళ్లం, మాకు దిక్కు లేదు. దోషులను కఠినంగా శిక్షించి న్యాయం చేయగలరని ప్రార్థన.'

ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కాని చదివే అధికారికి పట్టుకోవడానికి ఒక్క ఆధారం కూడా లేదు. దీన్నే ఇలా మారుస్తాం:

'మార్చి 11 రాత్రి సుమారు 9:30కి ఫలానా స్టేషన్ ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు మా ఇంటికి వచ్చి మా అబ్బాయిని (24 ఏళ్లు) స్టేషన్ జీపులో తీసుకెళ్లారు. అరెస్టు కాగితం ఇవ్వలేదు. మేం సంతకం చేయలేదు. 9:50కి నేను 112కి ఫోన్ చేశాను. 12వ తేదీ ఉదయం 11కి అన్నం తీసుకెళ్లినప్పుడు కుడి కాలు ఈడుస్తూ నడిచాడు. అరికాళ్ల మీద కొట్టారని చెప్పాడు. 13వ తేదీ సాయంత్రం 5కి కోర్టుకి తెచ్చారు. అరెస్టు ఆ రోజు ఉదయం 8కి జరిగినట్టు రిమాండు రిపోర్టులో ఉంది. అంటే దాదాపు 35 గంటలు ఏ కాగితమూ లేకుండా స్టేషన్లో ఉంచారు. జైల్లో చేర్చుకునేటప్పుడు డాక్టరు రాసిన గాయాల వివరాలు తెప్పించి చూడగలరు.'

చిత్రహింస అన్న మాటే లేదు, చూడండి. చదివినవాళ్లకే అర్థమవుతుంది. తీసుకెళ్లిన సమయానికీ రిమాండు రిపోర్టులో అరెస్టు సమయానికీ మధ్య ఉన్న ఆ 35 గంటలకి అధికారులు జవాబు చెప్పక తప్పదు. పేరు తెలియకపోతే హోదా చాలు. హోదా కూడా తెలియకపోతే మనిషి పోలికలు, జీపు నంబరు రాయండి. తెలియనిదాన్ని ఊహించి రాయొద్దు. ఒక పేరు తప్పైతే 'ఆ రోజు ఆయన సెలవులో ఉన్నారు' అన్న ఒక్క వాక్యంతో మొత్తం ఫిర్యాదే అబద్ధమన్నట్టు రాసేస్తారు.

చివర్లో కోరికలు విడివిడిగా ఉండాలి: ఏయే రికార్డులు తెప్పించాలి, ఎవరు దర్యాప్తు చేయాలి, మధ్యంతర సాయం కావాలా, పరిహారం, బాధ్యుల మీద శాఖాపరమైన, క్రిమినల్ చర్య. ఒకటిన్నర, రెండు పేజీలు దాటనివ్వను. జతపరిచే కాగితాలకి నంబర్లు వేసి, ఫిర్యాదులో ఆయా చోట ఆ నంబరు రాయాలి. ఒరిజినల్స్ పంపొద్దు. ఇంతకుముందు ఏ కోర్టుకైనా, కమిషన్‌కైనా వెళ్లారా అన్నదానికి ఉన్నదున్నట్టు రాయాలి, దాస్తే తర్వాత బయటపడి కేసు మూతపడుతుంది.

పంపడం తేలిక. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అఫిడవిట్ అక్కర్లేదు. బాధితుడే రాయనక్కర్లేదు, అతని తరఫున ఎవరైనా రాయొచ్చు. ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాష ఏదైనా సరే కాబట్టి తెలుగులో రాయొచ్చు, నేను మాత్రం ఇంగ్లీషులో ఒక పేజీ సారాంశం జతచేయిస్తాను, మొదట చూసే గుమాస్తాకి అనువాదం కోసం ఆగాల్సిన పని ఉండదు. జాతీయ కమిషన్‌కైతే ఆన్‌లైన్లో హెచ్‌ఆర్‌సీ నెట్ పోర్టల్ ఉంది, కామన్ సర్వీస్ సెంటర్ల నుంచీ పంపొచ్చు, 14433కి ఫోన్ చేసి వివరాలు అడగొచ్చు. పంపగానే డైరీ నంబరు వస్తుంది, తర్వాత కేసు నంబరు. రెండూ రాసిపెట్టుకోండి. ఆ తర్వాత పంపే ప్రతి కాగితం మీదా పైన కేసు నంబరు ఉండాలి. లేకపోతే అది కొత్త ఫిర్యాదుగా ఇంకో డైరీలోకి వెళ్లిపోతుంది.

మొదటి ఉత్తర్వు మూడు రకాలుగా రావొచ్చు. పరిశీలించదగినది కాదని తోసిపుచ్చడం ఒకటి. నోటీసు ఇచ్చి రిపోర్టు అడగడం ఒకటి, అది మనకి కావాల్సింది. ఈ రెండింటి మధ్యలో ఇంకోటి ఉంది, అందులోనే చాలామంది దెబ్బతింటారు: 'ఫిర్యాదును సంబంధిత అధికారికి పంపుతున్నాం, ఎనిమిది వారాల్లో తగిన చర్య తీసుకుని ఫిర్యాదుదారుకి తెలియజేయాలి.' చూడటానికి గెలిచినట్టే ఉంటుంది. నిజానికి ఆ ఉత్తర్వుతో కమిషన్ తన ఫైలు మూసేసింది. ఇప్పుడు మీరు చేయాల్సింది ఆ ఉత్తర్వు జతచేసి ఆ అధికారికి వెంటనే ఉత్తరం రాయడం. ఎనిమిది వారాలు దాటాక ఏం చేశారని సమాచార హక్కు చట్టం కింద అడగడం. ఆ జవాబు, లేదా జవాబు రాలేదన్న రుజువు పట్టుకుని కమిషన్‌ని కేసు మళ్లీ తెరవమని కోరడం.

నోటీసు వెళ్లాక ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. 'మీ ఫిర్యాదు మీద ఎంక్వైరీ ఉంది, స్టేషన్‌కి రండి' అంటారు. ఎవరి మీద ఫిర్యాదు చేశామో ఆ స్టేషన్‌కే పిలవడమూ చూశాను. అక్కడ ఒక కాగితం సిద్ధంగా ఉంటుంది: అపోహ వల్ల ఫిర్యాదు చేశాను, ఇప్పుడు నాకెలాంటి అభ్యంతరం లేదు. కేసులు ఎక్కువగా చచ్చిపోయేది ఆ సంతకంతోనే. మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లను సాక్ష్యం కోసం వాళ్లుండే చోటికి తప్ప వేరే చోటికి రమ్మనకూడదని సురక్షా సంహిత 179వ సెక్షన్లో ఉంది. ఆ మాట రాతపూర్వకంగా చెప్పండి. మిగతావాళ్లు తోడు లేకుండా వెళ్లొద్దు. చెప్పదలుచుకున్నది ముందే ఇంట్లో రాసుకుని, సంతకం చేసి, ఒక కాపీ మీద రసీదు తీసుకుని ఇవ్వండి. చదివి వినిపించని కాగితం మీద, ఖాళీ వదిలిన కాగితం మీద సంతకం వద్దు. బెదిరిస్తే ఆ రోజే తేదీ, సమయం, ఫోన్ నంబరుతో కేసు నంబరు వేసి కమిషన్‌కి రాయండి. ఒత్తిడికి సంతకం పెట్టేసినా అంతే. ఆ రోజే రాస్తే దాన్ని నమ్ముతారు. రెండు నెలలాగి రాస్తే ఎవరూ నమ్మరు.

తర్వాత అధికారుల రిపోర్టు వస్తుంది, దాని కాపీని కమిషన్ మనకి పంపి అభిప్రాయం అడుగుతుంది. మామూలుగా నాలుగు వారాలిస్తారు. జవాబు రాకపోతే 'ఫిర్యాదుదారుకి చెప్పడానికేమీ లేదని భావిస్తూ' కేసు మూసేస్తారు. ఇల్లు మారి చిరునామా తెలపకపోవడం, రిజిస్టర్డ్ ఉత్తరం భయపడి తీసుకోకపోవడం, రిపోర్టు చదివి 'ఇంతేలే, వాళ్లూ వాళ్లూ ఒకటే' అని నిరాశపడిపోవడం: కారణం ఏదైనా కేసు పోయేది ఇక్కడే. నా దగ్గర ఎంత పనున్నా ఈ జవాబులు రాయడం మాత్రం వాయిదా వేయను.

రిపోర్టు దాదాపు ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది. ఆరోపణలు నిరాధారం, ఫిర్యాదుదారు నేరచరిత్ర గలవాడు, పారిపోతూ కిందపడి దెబ్బలు తగిలించుకున్నాడు, ఆ రోజు కెమెరా పనిచేయలేదు. కోపంతో జవాబు రాయకండి. రిపోర్టు పేరాలకి నంబర్లు వేసి, ఒక్కో పేరాకి ఒక్కో జవాబు, జవాబు పక్కన కాగితం నంబరు. 'కిందపడ్డాడు' అంటే గాయాల సర్టిఫికెట్ చూపించి అడగాలి: పరిగెత్తి పడ్డవాడికి మోకాళ్లు, చేతులు శుభ్రంగా ఉండి పిరుదుల మీద సమాంతర గీతలు ఎలా వచ్చాయి? 'కెమెరా పనిచేయలేదు' అంటే, అది చెడిపోతే జిల్లా పర్యవేక్షణ కమిటీకి వెంటనే తెలియజేయాల్సిన బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దని సైనీ తీర్పులో ఉంది. ఆ తెలియజేసిన కాగితం, జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టరులో) ఎంట్రీ, రిపేరు చేసిన రసీదు తెప్పించమని కోరాలి. 'అరెస్టు 13న' అంటే జీపు లాగ్‌బుక్, 11వ తేదీ డ్యూటీ రోస్టరు, మన 112 కాల్ వివరం అడగాలి. ఈ రికార్డులు తెప్పించడానికి, సాక్షులను పిలిపించడానికి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 13వ సెక్షన్ కింద కమిషన్‌కి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఎంక్వైరీ చేసింది ఎవరో కూడా చూడండి. అదే స్టేషన్ పై అధికారి అయితే, మన సాక్షులను అసలు పిలవకపోతే, ఆ మాట రాసి కమిషన్ సొంత దర్యాప్తు విభాగంతో విచారణ జరిపించమని అడగండి. నేర చరిత్ర గురించి ఒక్క వాక్యం చాలు: ఎవరినైనా సరే కొట్టే అధికారం చట్టం ఎవరికీ ఇవ్వలేదు.

కస్టడీలో మనిషి చనిపోతే ఈ క్రమం ఇంకా ముందుగా మొదలవుతుంది. 24 గంటల్లోగా తనకి తెలియజేయాలని జాతీయ కమిషన్ 1993 డిసెంబరులోనే ఆదేశించింది. పోస్టుమార్టం వీడియో తీయాలని ఆ తర్వాత చెప్పింది. మేజిస్ట్రేటు విచారణ సురక్షా సంహిత 196వ సెక్షన్ కింద తప్పనిసరి, వీలైనంతవరకు బంధువులకి తెలియజేసి వాళ్లను అక్కడ ఉండనివ్వాలి. శవాన్ని త్వరగా దహనం చేయమని తొందరపెడితే, పోస్టుమార్టం వీడియో తీశారా, శవపంచనామాలో ప్రతి గాయం రాశారా అన్నవి తేలకుండా ఒప్పుకోవద్దు. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పడం చాలా కష్టం. అయినా చెప్పాలి, ఎందుకంటే దహనమయ్యాక ఇక చూడటానికేమీ మిగలదు.

ఉల్లంఘన జరిగిందని కమిషన్‌కి అనిపిస్తే, ఆర్థిక సాయం ఎందుకు సిఫార్సు చేయకూడదో చెప్పమని ప్రభుత్వానికి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 18వ సెక్షన్ కింద షోకాజ్ నోటీసు ఇస్తుంది. తర్వాత సిఫార్సు. అది సిఫార్సే కాబట్టి ప్రభుత్వం సాగదీయొచ్చు. రాష్ట్ర కమిషన్ సిఫార్సులకి ప్రభుత్వం కట్టుబడి ఉండాల్సిందేనని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ 2021లో చెప్పింది. అది మన హైకోర్టులను కట్టిపడేసే తీర్పు కాదు గాని, వాదనలో పనికొస్తుంది. అమలు చేయకపోతే 226వ అధికరణ కింద రిట్ వేయాలి. ప్రభుత్వోద్యోగి చేతిలో ప్రాణం పోయినప్పుడు రాజ్యమే నేరుగా పరిహారం ఇవ్వాలన్న సూత్రం కొత్తది కాదు. 1993లో నీలబతి బెహరా కేసులో కొడుకుని పోగొట్టుకున్న తల్లికి సుప్రీంకోర్టు లక్షన్నర రూపాయలు ఇప్పించింది. ఆ కేసు మొదలైంది ఆ తల్లి కోర్టుకి రాసిన ఉత్తరంతోనే.

డబ్బు అందే చోట చిన్న చిక్కులుంటాయి. బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు, ఫిర్యాదులో పేరు వేరుగా ఉంటే చెల్లింపు ఆగిపోతుంది. మరణించిన కేసుల్లో వారసుల సర్టిఫికెట్ అడుగుతారు, దానికి అప్పుడు దరఖాస్తు పెడితే నెలలు పడుతుంది. షోకాజ్ నోటీసు వచ్చిన రోజే ఈ రెండూ సరిచూసుకోవాలి. చెల్లించినట్టు ప్రభుత్వం రుజువు పంపగానే కమిషన్ కేసు మూసేస్తుంది. కాబట్టి డబ్బు నిజంగా ఖాతాలో పడకపోతే వెంటనే తెలియజేయాలి.

పరిహారం తీసుకుంటే కొట్టినవాళ్ల మీద కేసు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేరం ఒప్పించడానికి గాయపరచడం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 120వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాయకపోతే మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయొచ్చు. అప్పుడు కమిషన్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, అధికారుల రిపోర్టు, దానికి మీరు రాసిన జవాబు, జైలు డాక్టరు రాసిన కాగితం ఈ వరసలోనే జతచేయండి. విధి నిర్వహణలో భాగంగా చేశామని, ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు చెల్లదని వాళ్ల లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. అరెస్టు చూపించని ఆ 35 గంటల్లో వాళ్లు చేసింది విధి నిర్వహణ ఎలా అవుతుందన్నది మీ లాయరు అక్కడ అడగాల్సిన ప్రశ్న.